చదివి వినిపించని కేసు

మా పెద్ద డాక్టరు గారు వానాకాలంలో జ్వరంతో పోయారు. ఈ వారం, ఆయన పెట్టిన వైద్య పత్రికలోనే ఒక కేసుగా అచ్చయ్యారు.

పేరు వేయలేదు, ముఖం వేయలేదు. పుళ్లు పడ్డ చెయ్యి ఫొటో వేశారు. మోచేతి కింద వాళ్లమ్మ పేరు పచ్చబొట్టు. ఆ చేతి పక్కన ఏళ్ల తరబడి నర్సుగా పనిచేసిన నాకు గుర్తుపట్టడానికి పచ్చబొట్టు కూడా అక్కర్లేదు.

మొదట్లో పత్రికను ఖమ్మంలో గరుకు కాగితం మీద అచ్చు వేయించేవారు. మా అడవి జ్వరాల గురించి ప్రపంచమంతా చదవాలని ఆయన పంతం. భద్రాచలం ఇంటర్నెట్ సెంటరులో వాళ్లు విసుక్కునేదాకా కూర్చుని విదేశీ డాక్టర్లకు మెయిళ్లు పెట్టేవారు.

ఆయనకో నియమం ఉండేది. ఏ కేసయినా ఆ ఇంటివాళ్లకు చదివి వినిపించాకే అచ్చు. ములకలపల్లి దగ్గర ఒక తల్లి, చనిపోయిన కొడుకు కేసంతా విని, "గోడ దిక్కు తిరిగి పండుకున్నడు సారూ. ఎంత పిలిచినా తిరగలే. గా ముచ్చట రాయలే" అంది. ఆయన అక్కడే నులకమంచం మీద కూర్చుని రాశారు. పొద్దుపోతోందని నేను తొందరపెడితే కసిరారు.

"వాళ్ల చావును మనం తీస్కపోతున్నం. అడగకుండ తీస్కపోతే దొంగతనం కాదా ఏంది?"

రోగి మంచం పక్కన నోరు మూసుకుని వినడం నాకు నేర్పింది ఆయనే.

పత్రిక నిజంగానే విదేశాలకు వెళ్లింది. పెద్ద ఊళ్ల ప్రొఫెసర్లు బోర్డులో చేరారు. నున్నటి కాగితం వచ్చింది. సంతకం ఉంటే చాలు, ఈ చదవడాలతో ఆలస్యమవుతోందన్నారు. ఆయన ఒప్పుకోలేదు. శాలువా కప్పి గౌరవ సంపాదకుణ్ణి చేశారు, అంటే ఇక రావద్దని. ఆ శాలువాను బల్ల తుడవడానికి నాకిచ్చారాయన.

నిన్న పత్రిక పట్టుకుని ఆయన భార్య, మా అమ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆమెకు సంగతే తెలియదు. ఐసీయూ ముందు ఆమెతో పెట్టించుకున్న సంతకాల్లో, కేసు అచ్చు వేయడానికి ఒప్పుకున్నట్టు ఇదీ ఉందట. నాకు ఒళ్లు మండిపోయింది.

"చదువు బిడ్డా" అంది.

ఇంగ్లీషు చూసి తెలుగులో చెప్పుకుంటూ పోయాను. పుళ్లు, పాడైన మూత్రపిండాలు, ఆగిన గుండె. అంతా కదలకుండా విన్నది.

"ఐసీయూ లోపటికి తీస్కపోతుంటె నా దిక్కు చూసి, తిన్నవా అన్నడు మీ సారు. అందుల గా ముచ్చట లేదా?"

"లేదమ్మా."

లోపలికి వెళ్లి ఆయన పెన్ను తెచ్చింది. "రాయి."

కేసు కింద కాస్త ఖాళీ ఉంది. రాశాను. ఆ నున్నటి కాగితం సిరా పీల్చుకోలేదు. ఆరిందేమోనని ఆమె వేలితో తడిమింది. రాసిందంతా ఆమె వేలికి వచ్చేసింది.