ఇల్లు కావాలన్న అక్క

దుబాయ్‌లో మనవాళ్ళెవరూ ఇంటికి వెళ్తున్నా అనరు. పనయ్యాక రూమ్‌కి వెళ్తారు. పొరపాటున నోరు జారి ఇంటికి అన్నారో, పక్కనున్నవాళ్ళు లీవు ఎన్ని నెలలు, మా వాళ్ళకో చిన్న పార్సిల్ తీసుకెళ్తావా అని మొదలుపెడతారు. ఇల్లంటే ఇండియాలో ఉండేది. ఇక్కడుండేది రూమ్. అంత అదృష్టం కూడా లేకపోతే బెడ్‌స్పేస్, అంటే రెండంతస్తుల ఇనప మంచంలో ఒక అంతస్తు, దానికో పరదా. ఆ పరదా వెనకే నా వయసు చాలావరకు గడిచిపోయింది.

2020లో కరోనా వచ్చి నేను ఆయాగా పనిచేసే నర్సరీ మూతపడింది. దేరాలో ఫ్లాట్ అద్దెకు తీసుకుని మాకు మంచాలు పంచిన ఆవిడ చేతులెత్తేసింది. ఓనరు తాళం మార్చేశాడు. అందులో ఉన్న ఆడవాళ్ళం తలో దిక్కు అయ్యాం. నాకు తెలిసినామె వంటగదిలో చాప వేసుకోనిచ్చింది. ఎవరు మంచినీళ్ళకు వచ్చినా నా కాళ్ళు తొక్కి, సారీ చెప్పి మరీ వెళ్ళేవారు. మధ్యాహ్నం మసీదు పక్క సందులో అన్నం ప్యాకెట్లు ఇస్తుంటే వరుసలో నిలబడేదాన్ని. ఎవరి ముందూ చెయ్యి చాపను అని మా భీమవరంలో గొప్పలు పోయిన మనిషిని నేనే. ఆకలేస్తే గొప్పలకు నోరు పెగలదు.

ఆ వరుసలోనే అక్క పరిచయమైంది. రాయచోటి దగ్గర పల్లె. ఒక కుటుంబంలో ఖద్దామాగా చేసేది. ఇంటిపని మనిషిని ఇక్కడ అలాగే అంటారు. ఆ కుటుంబం విమానాలు ఆగిపోకముందే తమ దేశం వెళ్ళింది, మళ్ళీ రాలేదు. యజమానుల దగ్గరే ఉండే అక్క పాస్‌పోర్టు కూడా వాళ్ళ సామానుతో పాటే వెళ్ళిపోయింది. వాళ్ళుండే విల్లా అద్దె గడువు తీరిపోయి అక్క రోడ్డున పడింది.

అయినా ఆమె ఏడుపు దానికి కాదు. ఊళ్ళో కూతురికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. కూతురు పుట్టింటికైతే వచ్చింది గాని, అక్కడ తల్లి లేదు, పిన్ని ఉంది. పుట్టిన బిడ్డకు తన చేతులతో నీళ్ళు పోయాలని అక్క ఆరాటం. కూతురు పుట్టినప్పుడు ఆ భాగ్యం తన అత్తగారికి పోయిందట. ఈసారి మాత్రం ఎవరికీ ఇవ్వనని ముందే ఊరంతా చాటింపు వేసింది. ఎవరు పలకరించినా అక్క రెండో మాట అదే.

ఒకరోజు పసుపు జాకెట్ వేసుకున్న మలయాళీ వాలంటీరు వరుస వెంట వచ్చాడు. టూరిస్టులు లేక హోటళ్ళు ఖాళీగా ఉన్నాయి, నిలువ నీడ లేనివాళ్ళను వాటిలో ఉంచడానికి కరోనా సహాయం కింద ఏర్పాటు జరిగింది. ఆయన ప్రతి ఒక్కరినీ అడిగింది ఒక్కటే మాట, “ఘర్ చాహియే?” నేను హా అన్నాను. నా వెనకున్న అక్క నాకంటే గట్టిగా హా అంది. అయితే రేపు పొద్దున బస్సు వస్తుంది, సామాను తెచ్చుకోండి అన్నాడు.

అక్కది వంటింటి హిందీ. ఉప్పు, చీపురు, జల్దీ దాకా బాగానే వచ్చు. ఘర్ అంటే ఇల్లు అనీ తెలుసు. తెలిసిన ఆ ఒక్క మాటే ఆమె కొంప ముంచింది. ఇండియాకి విమానాలు మొదలయ్యాయని ఆ వారమే అందరూ చెప్పుకుంటున్నారు. ఇల్లు కావాలా అని అడిగి, సామాను తెచ్చుకోమని చెప్పి, బస్సు పంపిస్తుంటే ఎవరు మాత్రం ఇంకోలా అనుకుంటారు?

మర్నాడు అక్క కొత్త చీర కట్టుకుని వచ్చింది. చేతిలో తాడుతో బిగించిన అట్టపెట్టె, దాని మీద పెద్ద అక్షరాలతో ఊరి పేరు. అందులో పసిపిల్ల బట్టలు, పౌడరు డబ్బాలు. పెట్టె చూసి నవ్వుకున్నానే తప్ప నాకూ వెలగలేదు. ఉన్నదంతా ఇదే కాబోలు అనుకున్నాను. బస్సులో కూర్చుని కూతురికి ఫోన్ చేసి కోడిని కోయించమంది. నేను అదీ వేళాకోళమే అనుకున్నాను. బస్సు ఎయిర్‌పోర్టు రోడ్డెక్కింది, ఎయిర్‌పోర్టు దాటేసింది. అక్క కిటికీ అద్దం మీద కొట్టి, డ్రైవర్‌కి చెప్పు, దారి తప్పినాడు అంది. అప్పుడు అర్థమైంది నాకు. ఆ సంగతి ఆమెకు తెలుగులో చెప్పాల్సిన ఖర్మ నాదే అయింది.

హోటల్లో మా ఇద్దరికీ ఒకే గది ఇచ్చారు. అక్క మంచం మీద కూర్చోలేదు, తన పెట్టె మీదే కూర్చుంది.

“నేనడిగింది ఇల్లమ్మీ. ఈ రూమ్ నాకెందుకు?”

నాకేమో తంతే బూరెల గంపలో పడ్డట్టుంది. తెల్ల దుప్పట్లు, లోపల గడియ ఉన్న తలుపు, ఒక కిటికీ. కిటికీలోంచి కనిపించేది కార్లు నిలిపే చోటు, దాని అవతల ఒక వేపచెట్టు. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఆ గడియ ఊరికే వేసి, తీసి, మళ్ళీ వేశాను. ఆమె దుఃఖం ఎదురుగా నా సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

వాలంటీరు అక్కకు క్షమాపణ చెప్పాడు. ఇండియా వెళ్ళేవాళ్ళలో చేర్చాడు కూడా. కానీ పాస్‌పోర్టు లేదు. దాని బదులు ఇచ్చే కాగితం ఇవాళ, రేపు అంటూ సాగింది. విమానాలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి. అక్క కిటికీ దగ్గరికి వచ్చేది వాటి కోసమే, నా వేపచెట్టును ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు.

ఎండలు ముదిరాక ఆడపిల్ల పుట్టింది. మర్నాడు వీడియోలో పిన్ని నీళ్ళు పోయడానికి కూర్చుంటే అక్క ఇక్కడ నేల మీద కాళ్ళు చాపి, వాటి మీద తలగడ పెట్టుకుంది. ఫోన్ నన్ను పట్టుకోమంది. నూనె రాసే తీరు, నుదురు ఒత్తే తీరు, కళ్ళలో నీళ్ళు పడకుండా చెయ్యి అడ్డం పెట్టే తీరు అన్నీ ఆ తలగడ మీద చేసి చూపించింది. బోర్లా తిప్పి వీపు మీద చెంబుతో పోసినట్టు చేసింది. ఫోన్ పెట్టేశాక కూడా కాళ్ళు కదపలేదు. చాలాసేపటికి, నువ్వు తియ్యమ్మీ, నాకు చేతులు రావడంలేదు అంది. నేను తలగడ తీసి మంచం మీద పెట్టాను. ఇద్దరం ఏడ్చాం.

చలికాలం వచ్చి టూరిస్టులు రావడం మొదలవగానే హోటల్ వాళ్ళు గదులు వెనక్కి తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే అక్కకు కాగితం వచ్చింది, వెళ్ళిపోయింది. నాకు సత్వాలో మళ్ళీ ఒక బెడ్‌స్పేస్ దొరికింది, ఇప్పటికీ అందులోనే ఉన్నాను. బస్సు ఆ హోటల్ ముందు నుంచి వెళ్తే మా కిటికీ వెతుక్కుంటాను. ఆ గది మీద నాకు పుట్టిల్లంత బెంగ. దాన్ని రూమ్ అనడానికి నోరు రాదు, ఇల్లు అంటే వినేవాళ్ళు నవ్వుతారు.

అక్క ఊరు చేరిన వారానికి ఫోన్ చేసింది. కోడి కోశారా అని ఆటపట్టించాను. కోశారంది. నీళ్ళు పోశావా అని అడిగాను.

“నీళ్ళు కాగబెట్టుకోని, కాళ్ళు సాపుకోని కూచున్న్యా అమ్మీ. పండుకోనంటాది. లేసి కూచుంటాది, ఇన్నాళ్ళు నీళ్ళు పోసిన వాళ్ళ సిన్నవ్వ కోసం సేతులు సాపుతాది. ఇంగ కాళ్ళ మీద పండుకునే వయసు దాటిపాయ.”