పెళ్లిచూపుల్లో వరస తేల్చిన కథ

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్క నిజం రాబట్టి ఒక పెళ్లి చెడగొట్టాను. ఆ పెళ్లి నాదే కాబట్టి ఎవరూ నా మీదికి కర్ర ఎత్తలేదు గానీ, ఇంకొకరిదై ఉంటే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు చేతులు మిగిలేవి కావు.

అప్పుడే భాషాశాస్త్రంలో ఎం.ఏ. ముగించి హోసూరు పక్కనున్న మా మూకండపల్లికి తిరిగొచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త పండితుడు పొద్దుతోపాటు సందర్భం కూడా ఎరగడు. ఇంటికి ఎవరొచ్చినా ఫోనులో రికార్డింగ్ నొక్కి, "మీరు మేనత్తను ఏమని పిలుస్తారు?" అని మొదలుపెట్టేవాణ్ణి. పాలాయన మా గడప దగ్గర నిలబడడమే మానేశాడు. ఇంగ్లీషువాడికి అందరూ అంకులే. మనకు చిన్నాన్న వేరు, మేనమామ వేరు. చిన్నాన్న కూతురు చెల్లెలు, మామ కూతురు మరదలు. ఎవరికి చీర పెట్టాలో, ఎవరికి తాళి కట్టవచ్చో మన భాష పిలుపులోనే తేల్చేస్తుంది. ఈ సంగతి పుస్తకంలో చదివి మురిసిపోయి అమ్మకు చెప్పాను.

"ఇది నేర్చుకునేదానికి అంత దూరం పోవల్నా?" అంది అమ్మ.

ఆ రోజుల్లోనే ఉద్దనపల్లి నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సుమతి, హోసూరులో కంపెనీ ఉద్యోగం. ఇంటిపేర్లు వేరు, గోత్రాలు వేరు, పెద్దలందరూ సరేనన్నారు. మేం వెళ్లి కూర్చున్నాక సుమతి కాఫీ ఇస్తూ నన్ను చూసి నవ్వింది. ఇప్పుడు దాచడం దేనికి, నా మనసులో అప్పుడే మూడు ముళ్లూ పడిపోయాయి.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కానీ పక్కనే సుమతి నాయన తల్లి, మునెమ్మ అవ్వ కూర్చుని ఉంది. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలోకి దిగి తమిళంలో తేలే నోరు ఆమెది. నాలాంటి వాడికి ఉట్టి తెగి మూతి మీద పడ్డట్టే. ఫోను తీశాను.

"అవ్వా, నీ పుట్టినూరు యాడ?"

"కుందారపల్లి కదప్పా."

"మా అవ్వది కూడా ఆ ఊరే. మా నాయన తల్లి, ఎంగటమ్మ. ఆయన చిన్నప్పుడే పోయింది."

"ఎంగటక్క మనవడివా నువ్వు!" అవ్వ ముఖం వెలిగిపోయింది. "చిన్నప్పుడు నన్ను సంకన ఎత్తుకోని తిరిగిందప్పా ఆయమ్మ."

"ఆమెను అక్కా అని పిలస్తా ఉంటివా?"

సుమతి నాయన గొంతు సవరించుకున్నాడు. "ఊర్లో అందర్నీ అక్కా అనే కదప్పా పిలిచేది. అదొక లెక్కనా?"

"అవునన్నా, అదొక లెక్క కాదు," అని అమ్మ చటుక్కున అందుకుంది. పాఠకులు గమనించాలి. అమ్మ ఆయన్ను 'అన్నా' అంది. అమ్మకు అన్న అయితే ఆయన కూతురు నాకు మరదలే. మునుగుతున్న పడవను ఒక్క పిలుపుతో ఒడ్డుకు లాగిందా తల్లి. నేను మళ్లీ నీళ్లలోకి నెట్టాను.

"లెక్కనో కాదో తేల్చే దావ ఉండాది. అవ్వా, ఆమె మొగుణ్ణి ఏమని పిలస్తా ఉంటివి?"

"బావా అని. బో ఎగతాళి చేస్తా ఉంటి."

"నీ కొడుకు ఆమెను?"

"పెద్దమ్మా అనే."

"చూసినారా!" తొడ కొట్టలేదు, అంతే తక్కువ. "వాళ్లిద్దరూ అక్కాచెల్లెండ్లు. వాళ్ల కొడుకులు అన్నాదమ్ములు. అట్లయితే నేనూ సుమతీ..."

నోరు అక్కడ ఆగింది. బుద్ధి అప్పుడొచ్చింది. మా నాయన చెప్పుల కోసం చూస్తున్నాడు. సుమతి మురుకుల తట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"తీసుకో అన్నా," అంది.

కొన్నేళ్లకు కృష్ణగిరిలో సుమతి పెళ్లి జరిగింది. ఆమెకు తోబుట్టువులు లేరు. హోమంలో వేసే పేలాలు పెళ్లికూతురి దోసిట్లో పోసేది అన్నదమ్ములే కదా. "అన్న యాడప్పా?" అని అయ్యవారు కేకేస్తే అందరూ నన్ను ముందుకు తోశారు. పోశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అని చెప్పాను.

భోజనాల దగ్గర అవ్వ పక్కన కూర్చుని అడిగాను. "నువ్వూ మా అవ్వా ఒక తల్లి బిడ్డలా, పెద్దమ్మ చిన్నమ్మ బిడ్డలా?"

"బిడ్డలేంది? పక్కింటోళ్లం."

"రక్తసంబంధం?"

"ఏమీ లేదు."

చేతిలో ముద్ద మళ్లీ విస్తట్లో పెట్టేశాను. "ఆ పొద్దే చెప్పకూడదా అవ్వా!"

"ఏమని పిలస్తా ఉంటివని అడిగినావు, చెప్పినాను. అయినా అక్కా అని పిలిచినాక అక్కే కదప్పా. మళ్లీ రక్తం యాడుండాదని ఎతుకుతామా?"

ఉన్న చుట్టరికాన్ని పిలుపు చూపిస్తుందని చదువుకున్నాను. లేని చుట్టరికాన్ని పిలుపే కట్టి నిలబెడుతుందని అవ్వ పక్కన కూర్చున్నప్పుడు తెలిసింది. పెళ్లిచీరలో ఉన్న సుమతి వచ్చి, "సరిగ్గా తిన్నావా అన్నా?" అంది. నాకు బాధేసింది, ఆ మాట తియ్యగానూ ఉంది.

కనుక పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా మెడలో పూలదండ పడేదాకా ఏ అవ్వనూ ఎవరిని ఏమని పిలుస్తావని అడగను. ఇప్పుడు సూళగిరి సంబంధం చూస్తున్నారు. ఫోను ఇంట్లోనే పెట్టి వస్తానని మాటిచ్చాను.

"ఫోను మేము తీసుకోని పోతాము," అంది అమ్మ. "నువ్వు ఇంట్లో ఉండు."