ఫ్రేము కింది అంచు

ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాక నా పక్కన ఒకామె కూర్చుంది. ఊరు కోసిగి అంది. ఒళ్లో ఉన్న ఫోటో మీద ఎండ పడినప్పుడల్లా తువ్వాలు కప్పుతోంది. ఎవరిదమ్మా అని అడిగాను.

"నా కూతురన్నా. పోయి మూడేండ్లాయ" అంటూ తువ్వాలు తీసింది.

స్టూడియోలో ఇంకు ప్రింటరు మీద తీయించిన ఫోటో అది. ముఖం పసుపుపచ్చగా పాలిపోయింది. పెదవులు ఎక్కడున్నాయో తెలియడం లేదు.

"వచ్చేటోళ్లకీ పొయ్యేటోళ్లకీ కనపడాలని వాకిలికి ఎదురుగా తగిలించినాం. ఎండకి రంగంతా పోయింది. మొన్న అద్దం పగిలితే ఊడదీసినా. ఈడ సూడన్నా."

ఫ్రేము కింద దాగిన వేలెడు అంచులో ఆ పిల్ల ఓణీ ఎర్రగా, నిన్న ప్రింటు తీసినట్టే ఉంది.

"మేము సూసుకున్నంత మేరా పోయింది. సూడంది మిగిలింది."

ఆమె దిగేదాకా నా చేతిలోని పేపరును కిటికీకి అడ్డం పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చి, చనిపోయిన నా భార్య ఫోటోను గోడ మీంచి దించి బీరువాలో ఆమె చీరల మధ్య పెట్టాను. రంగు పోయి ఉండదనే అనుకుంటున్నాను. ఇంతవరకు తీసి చూడలేదు.