అన్నం ముందర చెప్పే పేరు

పెనుకొండలో పిల్లల సంక్షేమం మీద మీటింగు. పొద్దున పదింటికి అన్నారు. పదకొండున్నరకి గానీ మైకు పలకలేదు. హిందూపురంలో పిల్లల హోం నడిపే సంస్థకు డైరెక్టర్ని కాబట్టి నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. పిల్లలు పెరగాల్సింది హోముల్లో కాదు, సొంత ఇళ్లల్లో అని చెప్పడం నా వంతు. ఆ ఉపన్యాసం ఎన్ని ఊళ్లలో చెప్పానో! శాలువా కప్పేవాళ్లకు కూడా ఈపాటికి కంఠతా వచ్చేసి ఉంటుంది. సరిగ్గా నన్ను పిలవబోతుండగా ఫోను మోగింది.

"అమ్మా, ఈ పిల్లను మీరే పిల్చుకపోండి. నాతో అయ్యేట్టు లేదు."

అమరాపురం దగ్గరి పల్లెలో ఉండే అవ్వ గొంతు అది. ఆమె కూతురు చనిపోయి, అల్లుడు ఎటో వెళ్లిపోయినప్పుడు అవ్వ కాలు విరిగి మంచం మీద ఉంది. అందుకని మనవరాలు రెండేళ్లు మా హోంలో పెరిగింది. ఇప్పుడు తొమ్మిదేళ్లు. అవ్వ లేచి నడవడం మొదలుపెట్టగానే పిల్లను అడిగింది. ఇవ్వాలంటే ఊరికే అవుతుందా? ఇల్లు చూసిన రిపోర్టు, అవ్వ ఆరోగ్యానికి సర్టిఫికెట్, ఊళ్లోవాళ్ల సంతకాలు, ఆపైన బాలల సంక్షేమ కమిటీ ఆర్డరు. ఒక కాగితంలో అవ్వ ఇంటిపేరు తప్పు పడిందని అంతా మళ్లీ మొదటికొచ్చింది. "సొంత మనవరాలిని ఇంటికి తెచ్చుకునేదానికి ఇన్ని సంతకాలేందమ్మా! భూమి రిజిస్ట్రేషనే దీనికన్నా మేలు" అని మా ఆఫీసు వరండాలో నిలబడి నన్ను దులిపేసింది. మూడు వారాల కిందటే పిల్లను అప్పజెప్పాం.

అంత కొట్లాడి తీసుకెళ్లిన మనిషి ఇప్పుడు వద్దంటోంది. పిల్ల ఒకసారి తిరిగొచ్చిందా, ఫైలు మీద 'కుటుంబంలో ఇమడలేదు' అని రాసేస్తారు. రెండోసారి ఇంటికి పంపడానికి ఎవరూ సంతకం పెట్టరు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఇక మా గోడల మధ్యే.

"ఏం చేసిందవ్వా?" అన్నాను.

"ఏం చేసిందా? సంగటి పెడితే తినకుండా చేతులు జోడించుకోని నిలబడుకుంటాది. ఎవురో ధర్మవరం అంగడాయప్ప పేరు చెప్పి, ఆయప్ప కుటుంబం చల్లగుండాలంటాది. మా చేన్లో పండిన రాగులమ్మా అవి! నా కొడుకు దున్ని, నేను కలుపు తీస్తే, దండాలు ఆయప్పకా? నిన్న బంధువులు వచ్చిండ్రి. వాళ్ల ముందరా అదే పాట. వద్దంటే అన్నమే ముట్టదు. ఆయప్ప పెడితే గానీ మా ఇంట్లో పొయ్యి వెలగదనుకోరా ఊళ్లో?"

నా ఒళ్లు మండిపోయింది. అవ్వ మీద కాదు. ఆ దండం నేర్పింది నేనే.

ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న ఒకాయన మా హోంకి నెలకు కొన్ని రోజుల భోజనం పెడతాడు. ఒకసారి ఆయన వచ్చి నిలబడితే పిల్లలు తలెత్తకుండా తిన్నారు. ఆకలి మీదున్న పిల్లలు ఎవరి ముఖం చూస్తారు? ఆయన నొచ్చుకున్నాడు. "పిల్లోల్లకు మర్యాద నేర్పల్ల మేడమ్" అన్నాడు. నేనూ తల ఊపాను. మరుసటి రోజు పళ్లేల ముందు పిల్లలను నిలబెట్టి, ఆయన పేరుతో ఒక వాక్యం నేర్పాను. గొణిగినట్టు చెప్పారు. "గట్టిగా చెప్పండి, పేరు చెప్పకపోతే రేపు ఎవరు పెడతారు?" అని నవ్వుతూనే అన్నాను. దాన్ని వీడియో తీసి ఆయనకు పంపాను. అది చూసిన మిగతా దాతలకు కూడా తమ పేరు కావాల్సి వచ్చింది. ఒకాయన తన డిగ్రీ వదిలేశారని అలిగాడు. ఇంకొకామె బావమరిది పేరు కూడా కలపమంది. వాళ్లను లోపల తిట్టుకుంటూనే పేర్లు మారుస్తూ పోయాను తప్ప, ఆ పద్ధతి ఆపాలని ఒక్కరోజూ అనిపించలేదు. ఇళ్లల్లో పెరగాలంటూ ఊరూరా ఉపన్యాసాలు మాత్రం ఇచ్చాను.

"మేడమ్, శాలువా!" అని వెనకనుంచి పిలుస్తున్నా ఆగకుండా జీపెక్కాను.

మడకశిర దాటి పల్లెకు చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళయింది. పిల్ల గడపలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఠక్కున లేచి నిలబడింది. అదీ మేం నేర్పిందే. పక్కన కూర్చోబెట్టుకుని, "ఈడ ఎవురి పేరూ చెప్పనక్కర్లేదమ్మా" అన్నాను.

"మీరే చెప్పినారు కదా మేడమ్, పేరు చెప్పకపోతే రేపు ఎవురు పెడతారని."

పొయ్యి దగ్గరున్న అవ్వ తిరిగి చూసింది. "నువ్వేనా?" అంది. అప్పటిదాకా 'అమ్మా, మీరు' అన్న మనిషి.

ఇరవై ఏళ్లుగా అధికారులకూ దాతలకూ సంజాయిషీలు చెప్పడంలో ఆరితేరినదాన్ని. అవన్నీ పక్కన పెట్టి, "నేనే అవ్వా. తప్పు చేసినాను" అన్నాను.

"సదువుకున్నదానివి. బిడ్డకు కూడు పెడతా భయం గూడా పెడతారా ఎవురైనా?" అని కాసేపు గట్టిగానే కడిగింది. తర్వాత రెండు పళ్లేలు తెచ్చి పెట్టింది. రాగిసంగటి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి. "ముందు నువ్వు తిను. అది చూడల్ల" అంది.

పిల్ల చేతులు సగం జోడించుకుని నా చేతినే చూస్తోంది. ఎవరి పేరూ చెప్పకుండా ముద్ద నోట్లో పెట్టుకున్నాను. రెండో ముద్ద కూడా తిన్నాను. ఏమీ జరగలేదని తేలాక పిల్ల అవ్వ వైపు తిరిగింది.

"రేపు గూడా పెడతావా అవ్వా?"

అవ్వ చేతిలోని గరిటె ఆగిపోయింది. "పెట్టక ఏం చేస్తానే! రేపు, ఎల్లుండి, నువ్వు ముసలిదానివి అయ్యేదాకా పెడతా. కూర్చో." ఆ తర్వాత నా వైపు చూసి, "పొద్దున ఫోన్లో ఏదో అంటిని. పిల్ల యాడికీ రాదు. నీ కాగితాలు నీ కాడనే పెట్టుకో" అంది.

పిల్ల కూర్చుంది. చేతులు విడదీసి తినడం మొదలుపెట్టింది. పళ్లెం ఖాళీ అయ్యాక అవ్వ వైపు జరిపింది.

"ఇంకొంచెం ఏయవ్వా."

రెండేళ్లు మా హోంలో తింది ఆ పిల్ల. ఆ మాట మమ్మల్ని ఒక్కసారి కూడా అడగలేదు.