నేను ఉండని ఒక్కపొద్దులు

నాలుగేళ్ల నుంచి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగితే దిగదు, కక్కుదామంటే రాదు. దాంతోనే తింటున్నాను, దాంతోనే డ్యూటీకి పోతున్నాను. ఇవాళ మీకు చెప్తాను. మీరెవరో నాకు తెలియదు, అది నాకు మంచిదే. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పగలిగేదాన్నే అయితే ఇంతదాకా వచ్చేదే కాదు.

నేను బస్సు కండక్టర్ని. మిర్యాలగూడ నుంచి కోదాడ, కోదాడ నుంచి మిర్యాలగూడ. పేరు వద్దు.

అప్పట్లో నా బరువు నూట పదహారు కిలోలు. పెళ్లిలో చదివించే అంకెలాగా ఉంది కదా, నేనూ అలాగే అనుకుని నవ్వుకునేదాన్ని. జనంతో కిక్కిరిసిన బస్సులో వెనక సీటుదాకా పోయి టికెట్లు కొట్టాలంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. ఒకసారి ఒక పెద్దాయన, "నువ్వు గాడనే ఉండమ్మా, మేమే పైసలు అందిస్తం" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. అలా నవ్వడానికి ఎంత ఓపిక కావాలో లావుగా ఉన్న ఆడవాళ్లను అడగండి, చెప్తారు.

మోకాళ్లు పోయాయి. బీపీ, షుగర్ రెండూ వచ్చాయి. చివరికి హైదరాబాద్‌లో ఒక దవాఖానలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. పొట్టలో చాలా భాగం కోసి తీసేశారు. మిగిలింది అరటికాయంత. డిపోలో మాత్రం పిత్తాశయంలో రాళ్లని చెప్పి సెలవు పెట్టాను. గాట్లు కూడా అలాంటివే, చిన్నవి, ఐదు. ఎవరైనా చూసినా అనుమానం రాదు.

ఎందుకు దాచాను? ఈ ప్రశ్న నాకు నేనే వెయ్యిసార్లు వేసుకున్నాను. మా ఆయన దాచమనలేదు, "చెప్తే ఏమైతది?" అన్నాడు పాపం. అసలు సంగతి ఇది. నాకంటే ముందు మా డిపోలో ఒక క్లర్కు ఇదే ఆపరేషన్ చేయించుకుని, దాపరికం లేకుండా అందరికీ చెప్పాడు. వారం తిరగకముందే ఆయన పేరు కుట్ల సారు అయింది. తిండి ఆపుకోలేక కడుపు కోయించుకున్నాడని నవ్వుకున్నారు. ఆ పేరు పెట్టింది ఎవరనుకుంటున్నారు? నేనే. నేను పెట్టిన పేరు రేపు నాకే తగులుతుందని భయం. నాలుగు రోజులు నవ్వి ఊరుకునేవాళ్లేమో. ఆ నాలుగు రోజులకు భయపడి చేసిన పని ఎక్కడిదాకా పోయిందో చెప్తాను, వినండి.

మా లేడీస్ రెస్ట్ రూంలో ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం ఎంతమంది ఉంటే అంతమందీ కింద కూర్చుని డబ్బాలు తెరుస్తారు. ఎవరి డబ్బా వాళ్లు తినడం ఉండదు. నా కూర నీ డబ్బాలోకి, నీ పప్పు నా డబ్బాలోకి. వద్దంటే ఊరుకోరు, చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వేస్తారు. ఆపరేషన్ అయ్యాక నేను నాలుగు చెంచాలు తింటే ఐదోది పట్టదు. పట్టించితే కక్కుకోవాలి. మొదటి రోజే అందరూ నా డబ్బా వైపు చూశారు. ఒకామె పచ్చి పులుసు వెయ్యబోయింది. నా నోటి నుంచి మాట దానంతటదే వచ్చింది.

"వద్దు, ఒక్కపొద్దు ఉన్న. మట్టపల్లి స్వామికి మొక్కుకున్న."

అంతే. ఆ చెయ్యి ఆగిపోయింది. దేవుడి పేరు మీద ఒక్కపొద్దు ఉన్న మనిషికి మా దగ్గర ఎవరూ కొసరి పెట్టరు, డబ్బా ముట్టుకోరు, ఎందుకు తినవని మళ్లీ అడగరు. ఇంత మంచి తాళం ఇంకోటి దొరకదని నాకప్పుడు అర్థమైంది. రోజూ ఎందుకని అడిగితే, పదకొండు వారాలు విడవకుండా అన్నాను. పొద్దుగూకినాకే తింటానన్నాను. నిజానికి ఇంట్లో గంటకోసారి ప్రొటీన్ పొడి కలుపుకుని తాగుతున్నాను, బస్సులో నీళ్ల సీసాలో కూడా అదే.

ఒక అబద్ధం ఆడితే అది ఊరుకుంటుందా? మూడో నెలలో జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లుగా రాలింది. ఆపరేషన్ తర్వాత అలా రాలుతుందని డాక్టర్ ముందే చెప్పారు. డిపోలో ఏం చెప్పాలి? మట్టపల్లి పోయి తలనీలాలు ఇచ్చి వచ్చాను. నున్నటి గుండుతో డ్యూటీ ఎక్కితే అందరూ చేతులెత్తి దండం పెట్టినంత పని చేశారు. దేవుడి ముందు కూర్చుని కత్తి కింద తల వంచాను. నేనక్కడ మొక్కు తీర్చుకోలేదు. సాక్ష్యం తయారు చేసుకున్నాను.

పదకొండు వారాలు అయిపోయినా, మళ్లీ పట్టానని చెప్పి ఒక్కపొద్దు ఆపలేదు. నలభై కిలోలు తగ్గాను. కోదాడ బస్టాండ్‌లో చాయ్ అమ్మే ఆమె నన్ను గుర్తుపట్టక, పట్టినాక బుగ్గలు నొక్కుకుని, "అదేంటమ్మా, అంత సన్నబడిపోయావు, జబ్బేమన్నా చేసిందా?" అంది. పక్కనే ఉన్న సువర్ణ నాకంటే ముందు జవాబు చెప్పింది. "జబ్బు గాదు, స్వామి మహిమ."

సువర్ణ మా డిపోలోనే కండక్టర్. నాకంటే ఆరేళ్లు చిన్న, నన్ను అక్కా అని పిలిచేది. నోరు ఊరుకోదు, ప్రయాణికులతో పోట్లాడుతుంది, పోట్లాడినవాళ్ల పిల్లనే ఎత్తుకుని దింపుతుంది. తనూ లావే. మా ఇద్దరి బస్సులూ ఒకేసారి కోదాడలో ఆగేవి, అరగంట బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఆ రోజు కూడా అలాగే కూర్చున్నాం. జరిగిన ప్రతి మాటా నాకు గుర్తుంది.

"అక్కా, నిజం జెప్పు. ఒక్కపొద్దుతోనే తగ్గినవా, ఇంకేమన్న జేస్తున్నవా?"

"ఇంకేం జేస్త? అదే."

"పొద్దంత ఏం దినవా?"

"మజ్జిగ తాగుత. పొద్దుగూకినంక ఇన్ని అటుకులు."

"నేను గూడ పడత మరి. పదకొండు వారాలే గద. నాకు షుగర్ గోలీలు ఉన్నయి, ఏం గాదు గద?"

అప్పుడు నేను ఏం చేశానో తెలుసా? ఆమె చేతిలో ఉన్న గోలీల షీటు వైపు చూశాను. గోలీ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోయి మనిషి కూలిపోతుందని, ఆపరేషన్‌కు ముందు హైదరాబాద్‌లో నా చేత రెండుసార్లు చెప్పించి పంపించారు. నాకు తెలుసు. ఆ బెంచీ మీద ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "నీకొద్దు, నాది ఆపరేషన్" అంటే అయిపోయేది. నోరు తెరిచాను కూడా. మా డ్రైవర్ హారన్ కొట్టాడు.

"స్వామి మీద భారం ఎయ్యి, ఏం గాదు" అని లేచి బస్సెక్కాను.

హారన్ మీద నెపం వేద్దామని చాలాసార్లు చూశాను. కుదరలేదు. హారన్ కొట్టినా ఒక్క మాట చెప్పడానికి టైం ఉంటుంది. ఆ మాటకు బదులు ఇంకో మాట చెప్పడానికి టైం దొరికింది కదా!

సువర్ణ మొదలుపెట్టింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు. మధ్యాహ్నం రెస్ట్ రూంలో నలుగురం గోడకు ఆనుకుని కూర్చుని మిగతావాళ్లు తింటుంటే చూసేవాళ్లం. అందులో ముగ్గురివి నిజమైన ఆకళ్లు. మూడో వారంలో సువర్ణ చెయ్యి వణకడం చూశాను. టికెట్ మిషన్ మీద ఒక ఊరు నొక్కబోయి ఇంకో ఊరు నొక్కుతోందని డ్రైవర్లు నవ్వారు. ఐదో వారంలో ఫ్యాను కింద కూర్చుని కూడా జాకెట్టు తడిసేలా చెమట పట్టింది. "స్వామి ఒంట్లకెల్లి కొవ్వు తీస్తున్నడక్కా" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు ఇంటికి పోయాక అన్నం ముందు కూర్చుంటే నాలుగు చెంచాలు కూడా పోలేదు. రేపు చెప్దామనుకున్నాను. ఆ రేపు రెండు వారాలు సాగింది. ఏదో జరగబోతోందని నాకు ఒంట్లో తెలుస్తూనే ఉంది. వాన ముందు గాలి ఆగిపోయినట్టుగా ఉండేది ఆమె పక్కన కూర్చుంటే. తెలిసి కూడా కూర్చున్నాను.

ఏడో వారం. పట్టపగలు, గరిడేపల్లి దాటాక. దిగేవాళ్లను దింపి, రైట్ చెప్పి, సువర్ణ ఫుట్‌బోర్డు మీద నిలబడే కళ్లు తేలేసింది. బస్సు కదిలింది. వెనక్కి పడి తల రోడ్డుకు కొట్టుకుంది.

నేను సూర్యాపేట దవాఖానకు పోయేసరికి ఆమెను లోపలికి తీసుకుపోయారు. వాళ్లాయన బయట గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. డాక్టర్ వచ్చి తిండి మానేసిందా అని అడిగారట, ఒక్కపొద్దు సంగతి ఈయన చెప్పాడట. నన్ను చూడగానే కోపంగా కాదు, అర్థంకాక అడిగాడు. "మీరు గూడ గదే పట్టిండ్రు గదక్కా. మరి మీకేం గాలే?"

చూడండి, అది రెండో అవకాశం. లోపల ఆమె చావుబతుకుల్లో ఉంది, ఈయన నా నోటి వైపు చూస్తున్నాడు. నేను, "స్వామి దయ" అన్నాను.

ఆ రెండు మాటలే నేను చేసిన అసలు పాపం. మిగతావన్నీ పిరికితనం అనుకుని సర్దుకోవచ్చేమో. ఇది మాత్రం సర్దుకోదు.

సువర్ణ బతికింది. కుడి చెయ్యి సగమే లేస్తుంది, మాట ముద్దగా వస్తుంది. కండక్టర్ పని పోయింది, సూర్యాపేటలో తల్లిగారింట్లో ఉంటోంది. నేను నెలకోసారి పోయి చూసి వస్తాను. పండ్లు తీసుకుపోతాను. మంచిదాన్ని అని వాళ్లమ్మ నాకు దిష్టి తీసినంత పని చేస్తుంది. మొదటిసారి మాట తిరిగినప్పుడు సువర్ణ నాతో చెప్పిన సంగతి ఇది. ఆరో వారంలో ఒక రోజు మరిచిపోయి చాయ్ తాగి బిస్కెట్ తిన్నదట. ఒక్కపొద్దు చెడిందట. అందుకే స్వామి కోపగించి తోశాడట. నువ్వు నిష్ఠగా ఉన్నావు కాబట్టి నిన్ను కాపాడాడు అంది. ఆ బిస్కెట్ ఒక్కటే ఆమె ఆ ఏడు వారాల్లో చేసిన తెలివైన పని. అది చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. నాలుగేళ్లు, ఆ మనిషి తన చెయ్యి పడిపోవడానికి తన పాపమే కారణమని నమ్ముతుంటే, నేను నారింజ పండు వలిచి పెట్టాను.

పోయిన వారం ఫోన్ చేసింది. మాట కూడదీసుకుని చెప్పింది. "శనివారం నుంచి మల్ల మొదలువెడతన్న అక్కా. పదకొండు వారాలు. ఈసారి తప్పు జరగనియ్య. స్వామి చెయ్యి ఇచ్చేస్తడు." గోలీలు వాడుతున్నావా అని అడిగాను. వాడుతోంది, డోసు కూడా పెంచారట.

నిన్న, శుక్రవారం, సెలవు పెట్టి సూర్యాపేట పోయాను. ఆపరేషన్ కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. వాళ్లమ్మను బయటికి పొమ్మనలేదు, విననీ అనుకున్నాను. కొంగు పక్కకు తీసి ఐదు గాట్లు చూపించాను. ఒక్కపొద్దు లేదు, మొక్కు లేదు, గుండు కూడా దొంగ గుండే అన్నాను. గోలీ వేసుకుని తినకుండా ఉంటే పడిపోతావని నాకు ఆ రోజే తెలుసన్నాను. సువర్ణ చాలాసేపు కాగితాల వైపు చూసింది. అవి చదవడం లేదని తెలుస్తూనే ఉంది.

తర్వాత అడిగింది. "అయితే... స్వామికి నా మీద కోపం లేకుండెనా?"

"లేకుండె" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా, వెక్కివెక్కి ఏడ్చింది. నాలుగేళ్లలో ఆమె ముఖం అంత తేలికపడటం నేను చూడలేదు. ఆ ఏడుపులో నాకు చోటు లేదు. కాసేపటికి నా వైపు చూడకుండానే "పో" అంది. అక్కా అనలేదు. కాగితాలు అక్కడే వదిలేసి వచ్చాను.

క్షమించమని అడగలేదు. అడిగితే దానికి కూడా ఆమే జవాబు వెతుక్కోవాలి, అది కూడా ఆమె నెత్తినే ఎందుకు? ఇవాళ శనివారం. ఆమె పొద్దున తిన్నదని వాళ్లాయన మెసేజ్ పెట్టాడు, ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదు. రెస్ట్ రూంలో మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు. కొత్తగా చేరిన ఒకమ్మాయి నన్ను చూసి శనివారాలు ఒక్కపొద్దు పట్టిందని మొన్ననే విన్నాను. ఇంకో అరగంటలో డబ్బాలు తెరుస్తారు. నవ్వుతారో, తిడతారో, డిపో మేనేజర్‌దాకా తీసుకుపోతారో తెలియదు. అక్కడ మాట తడబడకుండా ఉండాలని ముందు మీ దగ్గర అనేస్తున్నాను.

నేను ఏ రోజూ ఒక్కపొద్దు లేను. కడుపు కోయించుకున్నాను. ఆ సంగతి దాచడానికి సువర్ణను పస్తు పెట్టాను.