రోడ్డు మీద త్రిభుజం

మా బడిలో పదకొండు కంప్యూటర్లు ఉండేవి. ప్రతి దసరాకూ వాటికి కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ దుప్పట్లు కప్పేవాళ్లం. ఆ గది తాళంచెవి హెడ్మాస్టరు గారి మొలతాడుకు కట్టి ఉంటుందని పిల్లలు చెప్పుకునేవారు. నేను చూడలేదు, చూడాలని అనుకోలేదు కూడా. పిల్లలు మాత్రం కంప్యూటర్ ముఖం చూడకుండానే, మౌస్ అంటే ఏమిటో నాలుగు మార్కులకు సరిపడా రాయగలిగేవారు.

నేను లెక్కల టీచరును. మానుకోటలో పుట్టి, జనగామలో కాపురం పెట్టి, రోజూ నర్మెట్ట బస్సులో వేలాడుతూ ఆ పల్లె హైస్కూలుకు వెళ్లేదాన్ని. జనగామలో జరిగిన ఒక శిక్షణలో, తెర మీద చిన్న తాబేలును నడిపించి బొమ్మలు గీయించే ప్రోగ్రాం చూశాను. ముందుకు ఇంత, కుడికి ఇంత అని రాస్తే తాబేలు అలాగే నడిచి, వెనక గీత వదులుతుంది. కోణాలు చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపించి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లాను.

"లెక్కలు చెప్పనీకి కంప్యూటరెందుకు మేడం? బోర్డున్నది, చాక్‌పీసున్నది. పిల్లలు ముట్టుకుంటె ఖరాబైతయ్."

"ముట్టుకోకుంటె గూడ ఖరాబైతున్నయ్ సార్. లోపట ఎలుకలు వైర్లు కొరుకుతున్నయ్."

ఆ మాటకు ఆయన ముఖం పాలిపోయింది. ఆ మధ్యాహ్నమే గది తెరిచాడు. అందరం చెప్పులు బయట విడిచి, గుళ్లోకి పోయినట్టు లోపలికి పోయాం. పదకొండింటిలో అయిదు బతికి ఉన్నాయి.

తొమ్మిదో తరగతి వాళ్లకు మొదటి పాఠం. సమబాహు త్రిభుజం గీయిద్దాం, ప్రతి మూలా అరవై డిగ్రీలు కాబట్టి వంద అడుగులు ముందుకు, అరవై కుడికి, ఇలా మూడుసార్లు రాయండి అని గొంతు సవరించుకుని చెప్పాను. రాశారు. తాబేలు మూడు గీతలు గీసి, మొదలుపెట్టిన చోటికి రాకుండా ఎక్కడో నిలబడిపోయింది.

"టీచర్, గిది తట్ట లెక్కుంది," అన్నారెవరో. తరగతంతా నవ్వింది. నేను కంప్యూటర్ పాతదని దాని మీదికి నెట్టేశాను.

ఒక పిల్ల మాత్రం నవ్వలేదు. లేచి గది మధ్యలో నాలుగు అడుగులు నడిచింది, తిరిగింది, మళ్లీ నడిచింది. వాళ్ల నాయినకు నర్మెట్టలో మైకుసెట్టు దుకాణం ఉంది. పెళ్లిళ్లకు మైకులు కిరాయికిస్తూ, మిగతా సమయంలో టేపురికార్డర్లు బాగుచేసేవాడు. ఆ పిల్లకు దేన్నయినా విప్పి చూస్తే తప్ప నమ్మకం కుదరదు.

"టీచర్, మీరు మూలను లోపటికెళ్లి కొలుస్తున్నరు. నేను గిట్ల సీదా పోతున్న గద, తిరగాలంటె బయటికెళ్లి తిరగాలె. గది అరవై గాదు, నూటిరవై."

నూట ఇరవై పెట్టింది. త్రిభుజం వచ్చింది. పన్నెండేళ్లుగా బోర్డు మీద త్రిభుజాలు గీస్తున్నాను. ఒక్కసారి కూడా దాని చుట్టూ నడవలేదు. సిగ్గేసిన మాట నిజం. దాన్ని దాచుకోవడానికి, "మీరు కనుక్కుంటరా లేదా అని చూసిన" అన్నాను. ఎవరూ నమ్మలేదు.

ఆ తర్వాత ఆ పిల్ల నన్ను వదల్లేదు. తెర మీద కాదు, నిజంగా నేల మీద నడిచేదాన్ని చేద్దామంది. ఆ కంప్యూటర్ల వెనక ప్రింటర్ తగిలించే ఒక పోర్టు ఉండేది. బడికి ప్రింటర్ ఏనాడూ రాలేదు కాబట్టి అది ఖాళీగానే ఉంది. దానిలోంచి వైర్లు తీసి మోటార్లను ఆపొచ్చు, నడపొచ్చని నేను ఒక పుస్తకంలో చదివాను. వాళ్ల నాయిన పాత టేపురికార్డర్లలోంచి రెండు మోటార్లు పీకి ఇచ్చాడు. బిస్కెట్ డబ్బా ఒళ్లయింది, సీసా మూతలు చక్రాలయ్యాయి, రబ్బరు బ్యాండుతో చాక్‌పీసు కట్టాం. ఇన్ని సెకన్లు రెండు చక్రాలూ తిరగాలి, ఇన్ని సెకన్లు ఒకటే తిరగాలి, ఇదంతా మూడుసార్లు చెయ్యాలి. అదే మా ప్రోగ్రాం. ఒక డిగ్రీ తిరగడానికి ఎంత సమయం పడుతుందో తేల్చడానికి ఆ పిల్ల నోటుబుక్కు నిండా అనుపాతాల లెక్కలు చేసింది. ఇంటిపని ఇస్తే అందులో పదో వంతు కూడా చేసేది కాదు.

సరిగ్గా అప్పుడే సమ్మె మొదలైంది. తెలంగాణ వచ్చేదాకా బడి తెరిచేది లేదని మేమంతా రోడ్డు పక్కన టెంటు వేసుకుని కూర్చున్నాం. నేనూ గొంతు పోయేలా నినాదాలిచ్చాను, అందులో వెనకడుగు లేదు. కానీ పొద్దంతా ఉపన్యాసాలు వినడం మాత్రం ఉద్యమంలో అన్నిటికన్నా కష్టమైన పని. ఒక్కొక్కరు మైకు పట్టుకుంటే వదిలేవారు కాదు. మైకుసెట్టు ఆ పిల్ల నాయినదే. ఆయన మాత్రం దూరంగా కూర్చుని చెవుల్లో దూది పెట్టుకునేవాడు.

రోడ్డు మీదే వంటలు వండి అక్కడే తినే కార్యక్రమం ఒకటి పెట్టారు. ఆ రోజు మా రోబోను తెద్దామని ఆ పిల్ల పట్టుపట్టింది. దానికి కంప్యూటర్ కావాలి. హెడ్మాస్టరు ఊరేగింపుల్లో ముందు నడిచే మనిషి. పేపరువాళ్లు వస్తే ఇంకా ముందు నడిచేవాడు. ఆయన దగ్గరికి పోయి అడిగాను.

"అది తెలంగాణ పటం గీస్తదా?" అన్నాడు.

"గీస్తది సార్."

అబద్ధం. అది మూడు గీతలు కలిపి గీయడానికే చెమటలు కక్కుతోంది. అయినా కంప్యూటర్ ఎడ్లబండిలో, గడ్డి మీద, కుంకుమ బొట్టుతో సహా పెళ్లికూతురిలా వచ్చింది. మైకుసెట్టు బ్యాటరీకి ఇన్వర్టర్ తగిలించి దాన్ని లేపాం.

రోడ్డుకు రెండు వైపులా లారీలు ఆగి ఉన్నాయి. ఒకవైపు పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. అంతలో పోలీసు జీపు వచ్చింది. దిగిన ఎస్సైకి ముందు కనిపించింది మేం కాదు, నడిరోడ్డు మీద ఎర్రవైర్లూ నల్లవైర్లూ బయటికి వేలాడుతున్న ఒక బిస్కెట్ డబ్బా.

"జరుగుండ్రి! అందరు ఎనుకకు జరుగుండ్రి!"

జనం కకావికలయ్యారు. ఉపన్యాసం ఇస్తున్నాయన మైకుతో సహా పరుగెత్తాడు. దాని చివర వైరు ఉండటంతో కొంతదూరమే పోయాడు. నేనూ కంప్యూటర్ చాటుకు జరిగాను. ఆ పిల్ల డబ్బా పక్కనే కూర్చుని ఉంది.

"ఎవలిది గిది?" అన్నాడు ఎస్సై.

"నాదే సార్."

"ఏందిది?"

"బాంబు గాదు సార్. త్రిభుజం."

"రోడ్డు మీద త్రిభుజమెందుకు?"

"బడి బంద్ ఉన్నది గద సార్."

ఆయన ఆమె వంక, నా వంక, బొట్టు పెట్టుకున్న కంప్యూటర్ వంక చూశాడు. "నడిపియ్, చూస్త," అన్నాడు.

నేను మీట నొక్కాను. డబ్బా గురక పెట్టుకుంటూ కదిలింది. తారు రోడ్డు గరుకుకు చాక్‌పీసు ఎగిరెగిరి పడుతోంది. పరుగెత్తిన జనమంతా మెల్లగా తిరిగొచ్చారు. మూడు గీతలు పడ్డాయి కానీ, చివర జానెడు సందు మిగిలింది. పప్పు కలుపుతున్న అవ్వ ఒకామె గరిటె పట్టుకునే వచ్చి చూసింది.

"తెలంగాణ పటమన్నరు, గిదేంది బిడ్డా, సమోస లెక్కుంది?"

హెడ్మాస్టరు నా వైపు చూసిన చూపు వర్ణించలేను.

ఎస్సై మాత్రం వంగి సందునే చూస్తున్నాడు. "ఎందుకు కలువలే?" అన్నాడు.

"బడిల నున్నటి బండలు సార్. ఈడ రోడ్డు గరుకున్నది, తిరిగేటప్పుడు చక్రం పట్టేస్తున్నది. అందుకే తక్కువ తిరుగుతున్నది. సమయం జర పెంచాలె." ఆ పిల్ల రోడ్డు మీదే లెక్క వేసి అంకె మార్చింది. రెండోసారి గీతలు కలిశాయి. అందరూ చప్పట్లు కొట్టారు, ఇద్దరు కానిస్టేబుళ్లతో సహా. చప్పట్లు ఆగాక ఎస్సై డబ్బాను చంకన పెట్టుకుని జీపెక్కాడు. అనుమానాస్పద వస్తువు కాబట్టి తీసుకుపోవాలట.

మర్నాడు నేనూ, ఆ పిల్లా, వాళ్ల నాయినా స్టేషన్‌కు పోయాం. వరండాలో కానిస్టేబుళ్లు డబ్బాలో ఒక మోటారుకే నేరుగా బ్యాటరీ తగిలించి చుట్టూ నిలబడి ఉన్నారు. అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది.

"మేడం, గిది గీస్తలేదేంది?" అన్నాడు ఎస్సై.

"ఎట్ల గీయాల్నో చెప్పేది కంప్యూటర్ సార్. అది బడిల ఉన్నది."

ఇకపై రోడ్ల మీద త్రిభుజాలు గీయబోనని నాతో కాగితం రాయించుకుని డబ్బా ఇచ్చాడు. చతురస్రాల సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ రోజు రోడ్డు మీద తీసిన ఫోటో పేపర్లో వచ్చింది. హెడ్మాస్టరు రోబో పక్కన నిలబడి ఉన్నాడు, దాన్ని తయారు చేసింది ఆయనే అని రాశారు. ఆ పిల్ల పేరు లేదు. ఆమె పేపరును నాలుగు మడతలు పెట్టి నాకే తిరిగిచ్చింది, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. నేనైనా పోయి హెడ్మాస్టరును అడగాలి కదా? అడగలేదు. గది మళ్లీ మూసేస్తాడేమోనని భయపడ్డాను.

బడి తెరిచిన వారంలోనే ఆమే ఆయన గదిలోకి పోయింది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"సార్, అది మీరు చేసిండ్రని పేపర్ల వచ్చింది. నడుపుడు వస్తదా మీకు?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రాదు," అన్నాడు. "నేర్పుతవా?"

నేర్పింది. సాయంత్రం బడి విడిచాక ఆయన తొమ్మిదో తరగతి బెంచీలో మోకాళ్లు పట్టక పక్కకు కూర్చుని, ఒక్క వేలితో అక్షరాలు వెతికేవాడు. తప్పు చేస్తే ఆమె నవ్వేది కాదు, "మళ్ల సూడుండ్రి సార్" అనేది. నా మీద లేని దయ ఆయన మీద చూపించింది. నెల తిరిగేసరికి రోబోను చేసింది ఆ పిల్లేనని ఆయన స్వయంగా పేపరువాళ్లకు ఉత్తరం రాశాడు. వాళ్లు దాన్ని వేయలేదు. ఆయన దాన్ని ప్రార్థన సమయంలో అందరి ముందూ చదివాడు.

రాష్ట్రం వచ్చేనాటికి ఆమె పాలిటెక్నిక్‌లో ఉంది. ఇప్పుడు భూపాలపల్లిలో ఉద్యోగం చేస్తోంది, కరెంటు మోటార్ల దగ్గరే. నన్ను బదిలీ మీద మహదేవపూర్ వైపు ఒక బడికి పంపారు. పోయిన ఎండాకాలం ముందు ఒక ఆదివారం మా పిల్లలకు పాఠం చెప్పడానికి రమ్మంటే, సంచీ నిండా వైర్లతో వచ్చింది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. మధ్యలో ఒక సందేహం వచ్చి నోరు తెరిచాను.

"టీచర్," అంది బోర్డు వైపు నుంచి తల తిప్పకుండానే, "జర చెయ్యెత్తి అడుగుండ్రి."