ముందు తలుపు మనిషి

మా మేనత్త పోయింది. బెంగళూరు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి నాయన తనకల్లు దగ్గర మా చేనులో పశువుల మేతకు చెనక్కాయ కట్టె వామి వేయిస్తున్నాడు. గుండె ఆగిపోయిందని అక్కడివాళ్లు చెప్పిన సంగతి నాకు చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. "మీ అత్త ఇంక రాదు పాపా" అన్నాడు, అంతే. కొత్తచెరువులో నా బట్టల కొట్టు షట్టరు దించి, దొరికిన బస్సు ఎక్కాను. రిటైరవడానికి ఆమెకు ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి.

ఇల్లు చేరేసరికి మా తమ్ముడు ఫ్లెక్సీ పనిలో ఉన్నాడు. మా వైపు మనిషి పోతే, శవం ఇంటికి రాకముందే ఫ్లెక్సీ వచ్చేస్తుంది. ఫోటో, పేరు, పేరు కింద హోదా. మాజీ సర్పంచ్ అనో, రిటైర్డ్ హెడ్మాస్టర్ అనో ఏదో ఒకటి ఉండాల్సిందే. "అన్నా, పేరు కింద ఏమని ఎయ్యాల?" అని కదిరి నుంచి ఫ్లెక్సీ అతను ఫోన్లో అడుగుతున్నాడు. "ఎయిర్ హోస్టెస్ అని ఎయ్యమను" అన్నారు వాకిట్లో కూర్చున్నవాళ్లు. "చీఫ్ పర్సర్" అన్నాడు నాయన. "అది తీసేసినారు గదా నాయనా" అన్నాడు తమ్ముడు. అందరూ నా వైపు చూశారు. "ఏమీ వద్దు, పేరు చాలు" అన్నాను. ఆమె హోదా సంగతి ఫ్లెక్సీలో పట్టేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

విమానంలో ఉద్యోగమంటే మా ఊరికి కాఫీలు అందించే పని. తాత బతికున్నన్నాళ్లూ అదే అన్నాడు. "నిన్ను బెంగళూరులో చదివించింది కాఫీలు మొయ్యడానికా?" అనేవాడు. అత్త కోపగించుకునేది కాదు. "కాఫీ ఇచ్చేది చిన్న పని నాయనా. నన్ను పెట్టుకున్యది తలుపు కోసం. మంట లేస్తే ఆ తలుపు తీసి అందరినీ కిందికి దింపాల్సింది నేను" అనేది. ఆ మాట మీద తాతకు చివరిదాకా నమ్మకం కుదరలేదు. అత్త పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్నదానికి ఊళ్లో చాలా కథలున్నాయి, ఒక్కటీ నిజం కాదు. ఎవరైనా అడిగితే "తీరిక దొరకల్యా" అని నవ్వేసేది.

సెలవు మీద వచ్చినా ఉద్యోగం ఆమెను వదిలేది కాదు. కదిరి బస్సు ఎక్కిందంటే తలుపుకు అడ్డంగా పడేసిన మూటలను చూసి ఊరుకునేది కాదు. "ఏమప్పా, ఈడ మూటలు ఏస్తే, రేపు ఏమన్నా అయితే మనుషులు యాడ దిగాల?" అని కండక్టరుతో పెట్టుకునేది. "ఇది నీ విమానం కాదమ్మా" అని అతనంటే, "ఎక్కేది మనుషులే గదా" అంటూ మూటను తనే పక్కకు లాగేది. ఇంట్లో ఎవరికి కాఫీ ఇచ్చినా లోటాలో సగానికే పోసేది. "ఇల్లు విమానం మాదిరి ఊగదులే మ్మే, నిండా పొయ్యి" అని నాయన గొణిగేవాడు. ఎవరైనా తలుపు తడితే, పక్క కిటికీలోంచి బయటికి చూడకుండా గడియ తీసేది కాదు. "బయట ఏముండాదో చూడకుండా తలుపు తీయకూడదు కోడలా" అని చిన్నప్పటి నుంచీ నా చెవిలో పోసింది. ఇప్పటికీ లోపలినుంచి నా కొట్టు షట్టరు ఎత్తాలంటే ముందు వంగి సందులోంచి చూస్తాను. పక్క కొట్టువాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

ఆమె సిబ్బందికి పెద్దగా ఉన్న విమానంలో నేను ఒక్కసారే ఎక్కాను. ముందు తలుపు దగ్గర నిలబడి ఉంది, చీర మీద చీఫ్ పర్సర్ అని రాసిన పిన్ను పెట్టుకుని. "అత్తా" అనబోయాను. అందరికీ చెప్పినట్టే నాకూ నమస్కారం చెప్పి, నా సీటు వైపు చెయ్యి చూపించింది. నాకు ఉక్రోషం వచ్చింది. ఇంటికొచ్చాక దెప్పితే, "ఆడ నువ్వు నా కోడలివి కాదు. నేను క్షేమంగా దింపాల్సిన మనిషివి" అంది. ఆమెకు నా మీద అంత ప్రేమ ఉందని నాకు తెలిసింది ఆ మాటతోనే.

తర్వాత ఆమె కంపెనీని ఇంకో పెద్ద కంపెనీలో కలిపేశారు. అత్త వాళ్ల దగ్గర విమానం లోపలి సిబ్బందికి పెద్దను చీఫ్ పర్సర్ అనేవారు, కొత్త కంపెనీలో కేబిన్ లీడ్ అంటారు. పేరు మారితే మారింది, పోనీ అనుకోవచ్చు. కానీ పాత కంపెనీలో చేసిన సర్వీసు లెక్కలోకి రాదన్నారు. అత్త పిన్ను తీసేసుకుని, సీనియర్ అటెండెంట్ అనే కొత్త పిన్ను ఇచ్చి, వెనక తలుపు దగ్గరి సీట్లో కూర్చోబెట్టారు. ముందు తలుపు దగ్గరికి కొత్త కంపెనీ పిల్ల వచ్చింది, అత్త వయసులో సగం కూడా ఉండదు. మా పాత సర్వీసు కలపండి అని అత్తా, ఆమె తోటివాళ్లూ పైవాళ్లను అడుగుతూనే ఉన్నారు. చూస్తాం అంటూనే ఉన్నారు పైవాళ్లు. రిటైరయ్యే రోజు మళ్లీ ముందు తలుపు దగ్గర నిలబడి, అందరినీ దింపి, ఆఖరున తను దిగాలి. అత్త కోరిక అదొక్కటే. జన్మలో తనకు ఏదైనా కావాలని ఆమె నోరు తెరిచి చెప్పగా నేను విన్నది కూడా అదొక్కటే.

అలాంటప్పుడు జరిగింది పొరపాటు. విమానం బయల్దేరేముందు ప్రతి తలుపుకూ ఒక మీట తిప్పుతారు. ఆ తర్వాత తలుపు తీస్తే, గాలి నిండిన పెద్ద జారుడుబల్ల బయటికి తన్నుకొస్తుంది, ప్రమాదంలో జనం జారి దిగడానికి. మామూలుగా దిగేటప్పుడు ముందు ఆ మీటను వెనక్కి తిప్పి, అప్పుడు తలుపు తీయాలి. మీట తిప్పమని సిబ్బందికి మైకులో చెప్పేది ముందు తలుపు దగ్గరున్న పెద్ద ఒక్కరే. ఆ రోజు విమానం ఆగగానే, వెనక సీట్లో ఉన్న అత్త చెయ్యి దానంతటదే మైకు అందుకుంది. ఇన్నేళ్లుగా చెప్పిన మాట నోట్లోంచి వచ్చేసింది. ముందున్న పిల్ల కూడా అప్పటికే మైకు చేత్తో పట్టుకుని ఉంది. తను చెప్పాల్సిన మాట ఇంకో గొంతులో వినబడేసరికి తడబడింది. మైకు పెట్టేసి, తన మీట తిప్పేశాననుకుని తలుపు తీసేసింది. జారుడుబల్ల బుస్సున బయటికొచ్చింది. తలుపు బయట మెట్ల మీద నిలబడ్డ ఎయిర్‌పోర్టు పనివాడు పక్కకు దూకాడు. మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది.

విచారణలో ఆ పిల్ల "నేనే మర్చిపోయాను" అని ఒప్పుకుంది. వెనక నుంచి వచ్చిన గొంతు సంగతి ఎత్తలేదు. మిగతా సిబ్బంది అత్త పాత కంపెనీవాళ్లే, వాళ్లూ ఎత్తలేదు. ఆ పిల్లకు లీడ్ హోదా పోయేటట్టుంది. సరిగ్గా అప్పుడే పాత సర్వీసు కలిపి హోదాలు ఇవ్వడానికి పైవాళ్లు ఒప్పుకున్నారు. అందరికంటే ముందు అత్తకే రావాలి. "అక్కా, నీకు పుణ్యముంటుంది, నువ్వు మాట్లాడొద్దు" అని తోటివాళ్లు బతిమాలారు.

అత్త సెలవు పెట్టి ఇంటికొచ్చింది. నాయనా, అత్తా, నేనూ విత్తనానికి చెనక్కాయలు వొలుస్తుంటే ఇదంతా చెప్పింది. నాయన చేతిలోని కాయలు చేటలో పడేశాడు.

"నువ్వేం చెప్పొద్దు మ్మే. ఆ పిల్లే ఒప్పుకున్యాది గదా."

"తలుపు తీసింది ఆ పిల్ల. మాట నాది న్నా."

"నోరు జారితే అది తప్పా?"

"మన బోరు కాడ మోటరులో చెయ్యి పెట్టి ఒకడు పని చేస్తాంటాడు. స్టార్టరు కాడ నువ్వుండావు. కరెంటు తీసినా అని నువ్వు చెప్పాల్సిన మాట, గెనెం గట్టు మీద నుంచి నేను అరిస్తే వాని గతేంది?"

నాయన చేటలోంచి మళ్లీ కాయలు తీసుకున్నాడు.

"మాట ఒకరిదే ఉండాల న్నా. ఆ పొద్దు అది నాది కాదు."

నేను ఉండబట్టలేక, "మరి నీ ముందు తలుపు అత్తా?" అన్నాను.

"పోతాది" అంది. నాలుగు కాయలు వొలిచాక, "బాధ ఉండాది కోడలా. లేదంటే అబద్ధం" అంది.

వెళ్లి చెప్పేసింది. ఆ పిల్లకు మళ్లీ శిక్షణ ఇచ్చి హోదా ఉంచారు. అత్త తోటివాళ్లు ఒక్కొక్కరే కేబిన్ లీడ్‌లు అయ్యారు. తప్పు తన మీద పడింది కాబట్టి అత్త వెనక సీట్లోనే ఉండిపోయింది. నాకు కంపెనీ మీద కంటే అత్త మీదే ఎక్కువ మండింది. "నీ మంచితనం ఎవరికి కావాల?" అని ఫోన్లో అరిచాను. "మంచితనం యాడిది మ్మే, అది డ్యూటీ" అని పెట్టేసింది. ఆ పిల్ల కిందనే చాలాసార్లు పని చేసింది. ఫోన్లో ఫోటో చూపించి, "బాగా చేస్తాండాది, గొంతు ఇంకొంచెం పెంచాల" అనేది. మనసు కష్టపెట్టుకోవడం వేరు, పగ పెట్టుకోవడం వేరు అని నాకు తెలిసింది ఆమె వల్లే. నాకింకా అది పూర్తిగా చేతకాలేదు.

అంబులెన్సులో అత్తను తెచ్చిన కాసేపటికి బెంగళూరు నుంచి ఆమె తోటివాళ్లు కారులో వచ్చారు. వాళ్లలో ఆ పిల్ల కూడా ఉంది. ఫోటో చూశాను కాబట్టి గుర్తుపట్టాను. నాయనకు తెలియదు. "నువ్వు మా చెల్లెలి దగ్గర ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు. ఆ పిల్ల వచ్చీరాని తెలుగులో, "మేడమ్ కింద పని చేశాను సార్" అంది. నేను సరిదిద్దలేదు.

ప్రయాణికులు దిగేటప్పుడు సిబ్బంది తలుపు దగ్గర వరుసగా నిలబడి నమస్కారం చెప్తారు. తలుపును ఆనుకుని నిలబడేది వాళ్లలో పెద్ద. అత్తను ఎత్తే వేళకు వాళ్లు, ఎవరూ చెప్పకుండానే, మా గడప బయట అలాగే నిలబడ్డారు. ఆ పిల్ల గడపను ఆనుకున్న తన చోటు వదిలి, వరుస చివరికి, ఆవుల కొట్టం పక్కకు వెళ్లి నిలబడింది. గడప పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ మిగిలింది. వాకిలంతా జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఎందుకో, ఆ ఖాళీలోకి ఎవరూ రాలేదు. నాయన, తమ్ముడు, ఇంకో ఇద్దరు అత్తను భుజాల మీద ఎత్తుకుని దాని పక్కనుంచే గడప దాటారు. వరుసలో వాళ్లంతా చేతులు జోడించి ఉన్నారు. ఆ చోట ఎండ మాత్రం పడుతోంది.